సన్నగీత ఎవరికి కనిపిస్తుంది?

మొన్నామధ్య ఆఫీసులో ఒక తమాషా జరిగింది. మేం చేస్తున్న యాప్ మీద టెస్టింగ్ టీమ్‌లో ఒకమ్మాయి బగ్ రాసింది: "తెలుగు హెడ్డింగులు హై కాంట్రాస్ట్‌లో లేవు, చదవడం కష్టంగా ఉంది" అని. మా డిజైనర్ కుర్రాడు "ఇది హై కాంట్రాస్ట్ ఫాంటే" అని ఒక్క ముక్క రాసి బగ్ మూసేశాడు. ఆ అమ్మాయి మళ్ళీ తెరిచింది. ఇతను మళ్ళీ మూశాడు. నాలుగు సార్లు అలా తలుపు తీసి వేసి, చివరికి పంచాయితీ నా దగ్గరికొచ్చింది. చూస్తే ఇద్దరూ నిజమే చెప్తున్నారు!

సాఫ్ట్‌వేర్‌లో యాక్సెసిబిలిటీ వాళ్ళు కాంట్రాస్ట్ అంటే అక్షరం రంగుకీ, దాని వెనకున్న రంగుకీ మధ్య తేడా. తెల్ల కాగితం మీద నల్ల సిరా అన్నమాట. ఫాంట్లు గీసేవాళ్ళ భాషలో కాంట్రాస్ట్ అంటే వేరే. ఒకే అక్షరంలో లావు గీతకీ సన్న గీతకీ ఉన్న తేడా. మొదటిది పెరిగే కొద్దీ చదవడం తేలికవుతుంది. రెండోది పెరిగే కొద్దీ, అక్షరం చిన్నదైతే, చదవడం కష్టమవుతుంది. పేరు ఒకటే, ఫలితాలు మాత్రం తూర్పూ పడమరా.

ఈ పంచాయితీ తీర్చే అర్హత నాకు డిజైన్ చదివి రాలేదు. మంత్రాలయంలో ఒకసారి తల బొప్పి కట్టించుకుని వచ్చింది. ఆ కథే ఈ టపా.

ముందు నా పిచ్చి గురించి కాస్త చెప్పాలి. కంప్యూటర్లో తెలుగు కనిపిస్తే చాలు అనుకున్న రోజుల నుంచీ నాకు ఫాంట్లంటే మోజు. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఒక్కటే దిక్కుగా ఉన్నప్పుడు, దేశికాచారి గారి పోతన, వేమన దొరికితే పండగ చేసుకున్నాం. లేఖినిలో టైపు చేసి, పోతనలో చూసుకుని మురిసిపోయిన తరం నాది. తర్వాత సిలికానాంధ్ర వాళ్ళ ఉచిత ఫాంట్లొచ్చాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర అంటూ రాయలవారి కొలువంతా నా హార్డ్ డిస్కులో కూర్చుంది. కవుల్ని చదివామో లేదో గానీ వాళ్ళ పేర్లతో ఫాంట్లు మాత్రం దించుకున్నాం :)

ఇంగ్లీషు ఫాంట్లలో నాకు బాగా నచ్చే రకం ఒకటుంది. అక్షరాల కొసల్లో అడ్డంగా ఉండే చిన్న పాదాల్ని సెరిఫ్ అంటారు. అవి లేని అక్షరాలు సాన్స్ సెరిఫ్. ఏరియల్ లాంటివి మామూలు సాన్స్ సెరిఫ్‌లు, గీతంతా దాదాపు ఒకే మందం. అలా కాకుండా పాదాలు తీసేసి, లావు సన్నాల తేడాని మాత్రం గట్టిగా ఉంచితే వచ్చేదే హై కాంట్రాస్ట్ సాన్స్. చాలామంది దీన్ని చూసే ఉంటారు, పేరు తెలియదంతే. ఎమ్మెస్ ఆఫీసుతో వచ్చే బ్రిటానిక్ బోల్డ్ ఈ జాతిదే. బ్రాడ్‌వే దీనికి నాటకాల కంపెనీలో పెరిగిన అన్న. మారిస్ ఫుల్లర్ బెంటన్ 1920ల చివర్లో చేశాడు. 1937లో ఫ్రాన్స్‌లో కసాండ్ర్ అనే పోస్టర్ల చిత్రకారుడు పెన్యో అనే ఫాంటు చేశాడు. హెర్మన్ జాఫ్ చేసిన ఆప్టిమా 1958లో వచ్చింది. ఈ కుటుంబంలో అదే నెమ్మదస్తురాలు, లావు సన్నాల తేడా కొంచెమే. జాఫ్ 1950లో ఫ్లోరెన్సు నగరంలో శాంతా క్రోచే చర్చికి వెళ్ళి, అక్కడి సమాధుల మీద చెక్కిన అక్షరాలు చూసి ముచ్చటపడి, చేతికి కాగితం దొరక్క జేబులోని వెయ్యి లీరాల నోటు మీద గీసుకున్నాడట. అమెరికాలో 1982లో కట్టిన వియత్నాం యుద్ధ స్మారకం నల్లరాతి మీద చనిపోయినవాళ్ళ పేర్లన్నీ ఆప్టిమాలోనే ఉన్నాయి.

ఇలాంటివి చూసినప్పుడల్లా తెలుగుకి ఇంత సోకు ఎందుకుండకూడదు అనిపించేది. అలా దాచుకున్న ఒక తెలుగు డిస్‌ప్లే ఫాంటు నా దగ్గరుంది. పేరు చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదు. లావు గీత చెరుకు గడంత, సన్న గీత దారప్పోగంత. స్క్రీన్ మీద రెండంగుళాల ఎత్తున పెట్టి చూస్తే కళ్ళు తిప్పుకోలేం.

2024 వేసవిలో మా మామ ఫోన్ చేశాడు. ఆయనకి మంత్రాలయంలో ఆరు గదుల చిన్న లాడ్జీ, దాని కింద భోజనం హోటలూ ఉన్నాయి. "అల్లుడూ, పాతబోర్డు రంగు పోయింది. నువ్వేదో అచ్చరాల పిచ్చి అంటావు గదా, మంచి ఫ్లెక్సీ ఒకటి చేసీ. లోపల వరండాలో కట్టనీకి ఇంకొగటి" అన్నాడు. ఇరవయ్యేళ్ళ నా కళాతృష్ణకి మొదటి క్లయింటు దొరికాడు. రెండు రాత్రులు కూర్చున్నాను. తెలుగులో ఒక వరుస, కన్నడంలో ఒక వరుస, ఇంగ్లీషులో ఒక వరుస. మంత్రాలయానికి కర్ణాటక భక్తులు ఎంతమంది వస్తారో మీకు తెలుసు కదా, ఏటికి అవతల కన్నడ దేశమే. పైన లాడ్జీ పేరు. దాని కింద "వసతి, భోజనం". ఇంకా కింద "మఠానికి 200 మీటర్లు". వరండాలో పెట్టే చిన్న ఫ్లెక్సీ మీద గదుల ధరలు, ఖాళీ చేసే వేళ, అన్నిటికన్నా అడుగున "నదిలో లోతు ఎక్కువ. పిల్లల చెయ్యి వదలొద్దు."

డిజైన్ ఫోన్లో పంపితే మామ "అదురుతాండాది" అన్నాడు. అచ్చుకిచ్చేశాం.

నెల తర్వాత ఊరికెళ్ళాను. మంత్రాలయం రోడ్ స్టేషన్లో దిగి, ఆటోలో వచ్చి, వీధి మొదట్లోనే దిగిపోయాను. నా కళాఖండాన్ని దూరం నుంచి చూడాలని. మిట్టమధ్యాహ్నం మన సీమ ఎండ సంగతి చెప్పాలా. అటు తలెత్తి చూస్తే అక్షరాల బదులు నల్లటి ముక్కలు కనబడ్డాయి. ఎవరో చెరుకు గడలు నరికి వరసగా పేర్చినట్టు. దగ్గరికి పోయే కొద్దీ ఒక్కో ముక్కా ఇంకో ముక్కతో అతుక్కుని అక్షరమవుతోంది. "వసతి" కాస్త దూరం నుంచి "పసతి"గా ఉంది. మంత్రాలయంలో త కింద ర వత్తు మాయమై "మంతాలయం" అయ్యింది. అన్నిటికన్నా ఘోరం మఠం. ఠ లోపలి చుక్కని ఫాంటు గీసినాయన గసగసాల గింజంత పెట్టాడు. అది కనబడకపోతే మిగిలేది ర. తెలుగులో అది "మరం". కన్నడంలోనూ ఠ కీ ర కీ తేడా ఆ చుక్కే. ఆ వరుసకి కూడా అలాంటి కన్నడ ఫాంటే వెతికి పెట్టాను మరి. కన్నడంలో "మర" అంటే చెట్టు. అంటే కర్ణాటక నుంచి వచ్చిన భక్తులకి మా మామ లాడ్జీ "చెట్టుకి 200 మీటర్లు" అని చెప్తోంది!

మామని అడిగితే నన్ను నొప్పించకుండా అన్నాడు: "బోర్డు బాగుండాదిలే అల్లుడూ. దగ్గరికొచ్చినోళ్ళంతా బాగుండాదనే అంటారు. దగ్గరికి రానీకేమో కనపడల్లా గదప్పా."

నా జీవితంలో నేను విన్న అతి మంచి యూజర్ ఫీడ్‌బ్యాక్ ఇది.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. ఆ సాయంత్రం వరండాలో కూర్చునుంటే ఒకవ్వ ఇద్దరు మనవళ్ళని పట్టుకుని గదిలోంచి బయటికొచ్చింది. ఏటికి స్నానానికి బయల్దేరారు. చిన్నోడు అప్పటికే పరుగు తీస్తున్నాడు. అవ్వ చిన్న ఫ్లెక్సీ ముందు ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని, కాసేపు చూసి, "ఏమి రాసినారు నాయనా ఈడ? నాకేమో పూలతీగ మాదిరి కనపడ్తాంది" అని అడిగింది. చదవడం రాని మనిషి కాదు. పైనున్న గదుల ధరలు, పెద్ద అంకెలు, చకచకా చదివింది. ఆమె అడిగింది అడుగున ఉన్న వరుస. నేను చదివి వినిపించాను. "అట్లనా" అని, వీధిలోకి పోతున్న మనవణ్ణి కేకేసి పిలిచి, ఇద్దరి చేతులూ గట్టిగా పట్టుకుని పోయింది.

ఏమీ జరగలేదు. గంటలో తడిబట్టలతో తిరిగొచ్చారు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇవాళంటే నేనున్నాను, చదివి చెప్పాను. నెల రోజులుగా ఎంతమంది ఆ వరుసని పూలతీగ అనుకుని వెళ్ళుంటారు? ఆ నది వేసవిలో పిల్లకాలవలా కనిపిస్తుంది. దాని ఇంకో ముఖం 2009 అక్టోబరులో మంత్రాలయం, కర్నూలు రెండూ చూశాయి. ఆ హెచ్చరిక పెట్టమన్నది మామ. దాన్ని అలంకారం చేసింది నేను.

సరే, ఇంజనీరు బుర్ర కదా, బాధ కాస్త తగ్గాక లెక్కలు వేసుకున్నాను. మీరూ చూడండి.

మామూలు మంచి చూపు, డాక్టర్లు 6/6 అనేది, విడదీసి చూడగలిగే అతి చిన్న కోణం సుమారు ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. కంటి ఆస్పత్రిలో గోడకుండే అక్షరాల పటం ఈ లెక్క మీదే తయారైంది. దాన్ని 1862లో స్నెలెన్ అనే డచ్చి డాక్టరు చేశాడు. ఆ కోణాన్ని దూరంగా మారిస్తే, 10 మీటర్ల దూరంలో సుమారు 3 మిల్లీమీటర్లు. 30 మీటర్లకి సుమారు 9 మిల్లీమీటర్లు. అంతకన్నా సన్నటి గీత టక్కున మాయమైపోదు గానీ, పలచబడి వెనక రంగులో కలిసిపోతుంది.

నా బోర్డులో అక్షరం ఎత్తు 15 సెంటీమీటర్లు. లావు గీత 30 మిల్లీమీటర్లు, సన్న గీత 3. అంటే లావు గీత 100 మీటర్ల దాకా నిలబడుతుంది. సన్న గీత 10 మీటర్లకే చేతులెత్తేస్తుంది. ఆ మధ్యలో ఉన్న 90 మీటర్లలోనూ మనిషికి కనబడేది సగం అక్షరం. మా వీధి మొదటి నుంచి నాకు కనబడ్డ చెరుకు ముక్కలు అవే. ఇది మంచి చూపున్నవాళ్ళ సంగతి. 6/12 చూపున్న పెద్దవాళ్ళకి ఈ దూరాలన్నీ సగం చెయ్యండి.

ఇక వరండా ఫ్లెక్సీ. అడుగు వరుస అక్షరాల ఎత్తు 2 సెంటీమీటర్లు. సన్న గీత 0.4 మిల్లీమీటర్లు. మంచి చూపుకి 1.4 మీటర్లు. అవ్వకి 70 సెంటీమీటర్లు. అంటే బోర్డుకి ముక్కు ఆనించినంత పని చెయ్యాలి. ఫ్లెక్సీ అచ్చేసినవాళ్ళ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. మిషను ప్రతి గీతనీ ఉన్నదున్నట్టు వేసింది.

స్క్రీన్ మీద కూడా ఇదే కథ, కాకపోతే దూరం బదులు పిక్సెల్. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నల్లక్షరం రంగుల కాంట్రాస్ట్ 21:1. అంతకన్నా ఎక్కువ సాధ్యం కాదు. డబ్ల్యూసీఏజీ నియమాలు అడిగేది మామూలు అక్షరాలకి 4.5:1, పెద్దవాటికి 3:1. కనక టూల్‌తో చూస్తే ఆకుపచ్చ టిక్కు వచ్చేస్తుంది. కానీ ఆ టూల్ చూసేది మీరు సీఎస్సెస్‌లో రాసిన రంగుని, తెరమీద పడ్డ రంగుని కాదు. సన్న గీత అర పిక్సెల్ మందమే ఉందనుకోండి. యాంటీ ఏలియాసింగ్ దాన్ని నలుపుగా వెయ్యలేదు, సగం బూడిద రంగుగా వేస్తుంది. ఆ బూడిదకీ తెలుపుకీ కాంట్రాస్ట్ సుమారు 3.9:1. పావు పిక్సెల్ అయితే 1.8:1. కాగితం మీద 21, కంట్లో 2! మా ఆఫీసు బగ్ అదే. ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం, డిజైనర్ కుర్రాడి దగ్గరున్న టిక్కూ నిజమే.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. అదే బోర్డు మీద ఇంగ్లీషు వరుస కూడా ఇలాంటి ఫాంటులోనే పెట్టాను కదా, అది అంత చెడిపోలేదెందుకు? దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. నాకు తట్టింది చెప్తాను, తప్పైతే దిద్దండి.

ఇంగ్లీషు అక్షరాలకి నిలువు గీతలు వెన్నెముకలు. చదివే కన్ను చాలా వరకు వాటినే పట్టుకుంటుంది. పాళీ పట్టుకునే తీరు వల్ల వాళ్ళ సంప్రదాయంలో నిలువు గీతలు లావు, అడ్డగీతలు సన్నం. కాంట్రాస్ట్ ఎంత పెంచినా వెన్నెముక మిగులుతుంది. అడ్డగీత పోతే కన్ను ఊహించుకుంటుంది.

తెలుగు అక్షరానికి నిలువు వెన్నెముక ఎక్కడుంది? మనవన్నీ గుండ్రాలు. ఒక అక్షరాన్ని ఇంకో అక్షరం నుంచి విడదీసే గుర్తులు పైనా కిందా ఉంటాయి. ద కీ ధ కీ తేడా అడుగున ఉన్న చిన్న ఒత్తు గీత. డ, ఢ లకీ అంతే, ప, ఫ లకీ అంతే. ప కీ వ కీ తేడా తలకట్టు ఒంటికి అంటుకుందా లేదా అన్నది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పైనున్న చిన్న మెలిక. వత్తులన్నీ కిందే. ఇప్పుడు ఇంగ్లీషు సూత్రాన్ని తెచ్చి మన గుండ్రాల మీద పెడితే ఏమవుతుంది? పక్కలు లావెక్కుతాయి, పైనా కిందా సన్నబడతాయి. అంటే అర్థం ఎక్కడుందో సరిగ్గా అక్కడే సిరా తగ్గుతుంది. అన్ని అక్షరాల్లోనూ ఒకేలా ఉండే పొట్టలు మాత్రం బలుస్తాయి. "ధర" "దర" అవుతుంది, "ఫలహారం" "పలహారం" అవుతుంది. నోటితో ఎలాగూ అలాగే పలుకుతున్నాం కదా అంటారేమో, అది వేరే టపా :)

అసలు తెలుగు విషయంలో "సాన్స్ సెరిఫ్" అన్న మాటే అరువు చొక్కా. మన అక్షరాలకి సెరిఫ్‌లే లేవు, ఇక తీసెయ్యడానికేముంది? కొందరు తలకట్టుని సెరిఫ్‌లాగా చూస్తారు, ఏదో అలంకారం అన్నట్టు. తలకట్టు అలంకారం కాదండీ. అది అ అనే అచ్చు ఉందని చెప్పే గుర్తు. క మీద తలకట్టు తీసి గుడి పెడితే కి. ఎత్వం పెడితే కె. దాన్ని చిన్నది చెయ్యడం, సన్నం చెయ్యడం అంటే అచ్చుని చిన్నది చెయ్యడమే.

మాటకొస్తే, గీతంతా ఒకే మందంతో, పాదాలు లేకుండా ఉండే అక్షరం మనకేమీ కొత్త కాదు. ఇంగ్లండులో మొదటి సాన్స్ సెరిఫ్ అచ్చక్షరాలు 1816లో కాస్లన్ కంపెనీ వాళ్ళు చూపించారు. మన కర్నూలు జిల్లాలో జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, బ్రాహ్మీ లిపిలో, క్రీస్తుకి పూర్వం మూడో శతాబ్దంవి. పక్కా సాన్స్ సెరిఫ్! ఎండకీ వానకీ ఇరవై రెండు వందల ఏళ్ళకి పైగా నిలబడింది. తర్వాత తాటాకుల కాలంలో గంటంతో రాశాం. గంటం మొన ఎటు తిప్పినా గీత ఒకే మందం. లావు సన్నాలు మనకి కలం, కుంచె చేతికొచ్చాక బాగా అలవాటయ్యాయి. బాపు గారి చేతిరాత చూడండి, కుంచె విలాసం అంతా అందులో ఉంది. మనం దాన్ని ఫాంటుగా కూడా మార్చుకున్నాం. కనక కాంట్రాస్ట్ తెలుగుకి పడదని నేననడం లేదు. ఎక్కడ లావుండాలో, ఎక్కడ సన్నముండాలో తెలుగు అక్షరాన్ని చూసి తేల్చుకోవాలి గానీ ఇంగ్లీషుని చూసి కాదు అంటున్నాను.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో దొరకలేదు. మామ పాతబోర్డు చెప్పింది. వెనక గోడకి ఆనించి పెట్టుంటే తీసి తుడిచాను. రంగు చాలా వరకు పోయినా ముప్ఫై అడుగుల నుంచి అక్షరం చదవగలిగాను. అది రాసిన పెయింటరు పెద్దాయన ఆ పక్క ఊళ్ళోనే ఉన్నాడంటే మామ బండి మీద వెళ్ళి కలిశాను. ఫ్లెక్సీలొచ్చాక పని తగ్గిందట. ఇప్పుడు లారీల మీద, ట్రాక్టర్ల మీద రాస్తాడు.

"అన్నా, మీ అక్షరంలో కూడా లావు సన్నం ఉంది కదా, మరి అది ఎట్లా కనపడుతుంది?" అని అడిగాను.

"సన్నమంటే దారం గాదు సామీ" అన్నాడు. "లావు మూడు వేళ్ళయితే సన్నం వేలన్నా ఉండల్ల. వత్తు, తలకట్టు, గుడి, ఇవి ముందు సూసుకోవల్ల. వాటికి తావు ఇడిసి పెట్టినాకనే అచ్చరం ఎంత పెద్దదో లెక్క. బోర్డు ఏసినాక రోడ్డు అవతలికి పోయి నిలబడి సూస్తా. యాడ కనపడకపోతే ఆడ ఇంకో పూత."

మూడుకి ఒకటి. నా ఫాంటులో పదికి ఒకటి. వత్తులకి ముందు చోటు, పొట్టకి తర్వాత. చివర్న, ఎండలో, అసలు దూరం నుంచి టెస్టింగు. మేం ఆఫీసులో యూజర్ టెస్టింగ్ అని పెద్ద పేరు పెట్టి, బడ్జెట్ లేదని మానేసేది ఇదే.

ఇప్పుడు అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. "అన్నీ చదవడానికే అయితే ఇక అందం ఎందుకు, తెలుగు ఎప్పటికీ రేషన్ కార్డు అక్షరాల్లోనే ఉండాలా" అని మా డిజైనర్ కుర్రాడు నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. పెళ్ళిపత్రిక, పుస్తకం అట్ట, సినిమా పేరు, పత్రికలో పేజీ నెత్తిన పెద్ద శీర్షిక, ఇలాంటి చోట్ల హై కాంట్రాస్ట్ ఫాంటు చేసే పని ఇంకోటి చెయ్యలేదు. అక్కడ చదివేవాడికి తీరిక ఉంటుంది, అక్షరం పెద్దగా ఉంటుంది, మాటలు నాలుగే ఉంటాయి. తెలుగులో అలాంటి ఫాంట్లు ఇంకా పది రావాలి. ఒక్కటే రకం అక్షరంతో ప్రభుత్వ నోటీసూ, ప్రేమకథా రెండూ అచ్చేసుకోవాల్సిన గతి ఇంగ్లీషువాడికి లేదు, మనకెందుకుండాలి?

కాబట్టి గొడవ ఫాంటుతో కాదు. డిస్‌ప్లే ఫాంటు అన్న మాటలోనే వాడకం నిబంధన ఉంది, మనం చదవం. సీసం అక్షరాల రోజుల్లో ఈ ఇబ్బంది తక్కువ. ఒక్కో సైజుకి అక్షరాన్ని విడిగా చెక్కేవాళ్ళు. చిన్న సైజులో సన్న గీతని కాస్త లావుగా, పెద్ద సైజులో నాజూగ్గా. కంప్యూటరొచ్చాక ఒకే బొమ్మని సాగదీసి, కుదించి అన్నిటికీ వాడుతున్నాం. 2016లో వచ్చిన వేరియబుల్ ఫాంట్లతో మళ్ళీ ఆ పాత తెలివి తిరిగొచ్చింది. ఆప్టికల్ సైజ్ అనే యాక్సిస్ పెడితే సైజుని బట్టి ఫాంటే తన లావు సన్నాలు మార్చుకుంటుంది. బ్రౌజర్లు కూడా దాన్ని తమంతట తామే వాడతాయి. తెలుగు ఫాంట్లు చేసేవాళ్ళు దయచేసి ఈ యాక్సిస్ మీద మనసు పెట్టండి. ఇంగ్లీషుకన్నా మనకే దాని అవసరం ఎక్కువ.

ఇక వాడే మనం చెయ్యగలిగింది. నేను ఇప్పుడు పాటిస్తున్నవి నాలుగే. ఒకటి, అక్షరం ఎత్తు చూసి ఫాంటు ఎంచుకోను, దాని అతి సన్న గీత మందం చూసి ఎంచుకుంటాను. ఆ గీత స్క్రీన్ మీద ఒక పిక్సెల్ కన్నా తగ్గితే ఆ సైజులో ఆ ఫాంటు వద్దు. రెండు, "రాఘవేంద్ర" లాంటి తేలిక మాటలతో పరీక్ష చెయ్యను. మన బుర్రకి అలవాటైన పేర్లు సగం కనపడినా చదివేస్తాం. ద ధ, ప ఫ వ, ర ఠ, కి కీ, వీటిని కలిపి రాసి, మొబైల్‌ని చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూస్తాను. మూడు, అంకెలు, ధరలు, మందులు, తేదీలు, హెచ్చరికలు, వీటికి సోకు ఫాంటు ముట్టుకోను. నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు లాంటి సాదా ఫాంట్లు హాయిగా ఉన్నాయి, ఉచితం కూడా. పైగా ఈ రెంటికీ కన్నడం తోబుట్టువు ఉంది, మంత్రాలయం లాంటి ఊళ్ళకి అది చాలా పెద్ద సాయం. నాలుగు, అరవై దాటినవాళ్ళు ఒకరైనా చదివాకే రిలీజ్. మన ఇళ్ళల్లో అమ్మానాన్నలున్నారు కదా, వాళ్ళకన్నా మంచి టెస్టర్లు ఎక్కడ దొరుకుతారు. "కనపడిందా" అని అడగొద్దు, మన మొహం చూసి "ఆ, కనపడింది నాయనా" అనేస్తారు. "ఏం రాసుంది, చదువు" అనండి.

ఆఫీసు పంచాయితీ ఎలా తేలిందంటే, హెడ్డింగుల్లో అతి పెద్దదానికి మాత్రం అతని ఫాంటు ఉంచాం. మిగతావన్నీ సాదా ఫాంటుకి మార్చాం. అతను రెండ్రోజులు అలిగాడు. మూడో రోజు వాళ్ళ నాన్నగారి ఫోన్లో యాప్ చూపించి వచ్చాడట, నాలుగో రోజు ఇంకో రెండు చోట్ల తనే మార్చాడు. ఏం జరిగిందో నేను అడగలేదు.

మంత్రాలయంలో మాత్రం ఫ్లెక్సీ తీసేశాం. వీధి బోర్డు మళ్ళీ పెయింటరు పెద్దాయన చేతనే రాయించాం, తెలుగూ కన్నడమూ రెండూ. మఠంలో చుక్కని రూపాయి బిళ్ళంత పెట్టాడు. వరండాలో చిన్న ఫ్లెక్సీ నేనే మళ్ళీ చేశాను. ఈసారి నది మాట అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్దగా, గీతంతా ఒకే మందంలో. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. మామ కూడా "పోయినసారిదే సోకుగా ఉండె" అన్నాడు.

నా పాత ఫాంటు ఎక్కడికీ పోలేదు. వచ్చే ఏడు మామ కూతురి పెళ్ళి. శుభలేఖ మీద పేర్లు మాత్రం దాన్లోనే, అరచేయంత ఎత్తున. ముహూర్తం, కల్యాణమంటపం చిరునామా మాత్రం సాదా అక్షరాల్లో. లేకపోతే చుట్టాలంతా ఏ చెట్టు కిందో దిగుతారు :)